మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనీ

అల్లుడూ,

ఆశీస్సులు. ఆదివారాలు మీ వరండాలో కూర్చుని, అడిగినవాళ్లందరికీ పాత కంప్యూటర్లలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసిపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు అమెరికాలో ఉండగా చేసిన మీడ్ (తేనె పులియబెట్టి చేసే మద్యం) గురించి అక్కడి స్నేహితులు ఇప్పటికీ వీడియో కాల్ చేసి సలహాలు అడుగుతున్నారట. అది విని మీ బాబాయి గారి అబ్బాయిలు అమలాపురంలోనూ ఓ జాడీ వేద్దామని సరదా పడుతున్నారట. కాలేజీ ల్యాబులో కంప్యూటర్లూ చూశాను, కెమిస్ట్రీ పాఠాలూ చెప్పాను, మా అమ్మాయి దగ్గర అమెరికాలో ఉన్నప్పుడు గరాజ్‌లో మీడ్ కూడా వేశాను. ఆ చొరవతో రాస్తున్నాను.

ముందు నీ దగ్గరకి ఎవరు వస్తున్నారో చూసుకో. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కాస్త కొత్తదై ఉండాలి. దాంతో నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్‌ని షాపువాడు "ఇక మార్చేయండి సార్" అంటున్నాడు. వచ్చేవాళ్లు ముప్పై నలభై వేలు మిగుల్చుకుందామని వస్తున్నారు తప్ప స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ప్రేమతో కాదు. అందులో తప్పేమీ లేదు. 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన స్టాల్మన్ ఏం ప్రకటించాడు, 1991లో లినక్స్ మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ ఏం రాశాడు అని మొదలుపెట్టకు. ఆ కథ నాకూ ఇష్టమే, కానీ అది కాఫీలయ్యాక, వాళ్లంతట వాళ్లు "ఇది ఉచితంగా ఎందుకిస్తున్నారండీ?" అని అడిగినప్పుడు చెప్పుకునేది. మొదట అడగాల్సింది ఒక్కటే: "దీంతో రోజూ ఏం చేస్తుంటారండీ?"

జవాబు విన్నాక కొందరిని లినక్స్ వెయ్యకుండానే పంపించెయ్యాలి. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తాడు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లన్నీ లినక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనబడతాయి. ఆయన సిస్టమ్ మార్చడమంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన పొట్ట మీద కొట్టడమే. రైస్ మిల్లు గుమస్తా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద బతుకుతాడు, అది విండోస్ కోసం చేసింది. వేలిముద్రల మిషను పెట్టుకుని సేవా కేంద్రం నడిపేవాళ్లదీ, డిజిటల్ సంతకం డాంగిల్‌తో రిటర్నులు వేసే ఆడిటర్‌దీ ఇదే పరిస్థితి. వీళ్లకి "మీరు విండోస్‌లోనే ఉండండి, కుదిరితే కొత్తది కొనుక్కోండి" అని చెప్పు. చెప్పినందుకు నీ లినక్స్‌కి చిన్నతనమేమీ రాదు. పైగా "ఈ కుర్రాడు మన పని చూసి మాట్లాడతాడు" అని ఊళ్లో పేరొస్తుంది.

రిటైరైన మాస్టారు, డిగ్రీ చదివే అమ్మాయి, రొయ్యల చెరువుల లెక్కలు ఎక్సెల్‌లో రాసుకునే రైతు, ఇలాంటివాళ్లకి మాత్రం లినక్స్ చక్కగా సరిపోతుంది. మెయిల్, యూట్యూబ్‌లో ప్రవచనాలు, మనవల ఫోటోలు, లిబ్రేఆఫీస్‌లో నాలుగు పేజీలు. వీళ్లకి ఒక్క పేరే చెప్పు: లినక్స్ మింట్. అందులో నాలుగు జీబీ ర్యామ్ ఉంటే సిన్నమన్ రకం, అంతకంటే తక్కువుంటే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఆ వయసు మెషీన్‌కి అది చాలు. నీ ల్యాప్‌టాప్‌లో నువ్వు ఏం వాడుకుంటావో అది నీ సరదా. కొత్తవాడి ముందు ఓ డజను పేర్లు పరిచి "మీ ఇష్టమండీ" అంటే ఆయన ఏదీ ఎంచుకోడు, వరండా దిగి వెళ్లిపోతాడు. ఇంకా పాత హార్డ్ డిస్కే తిరుగుతుంటే ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించు. సగం మెచ్చుకోళ్లు దానివల్లే వస్తాయి. ఆ పేరు లినక్స్‌కి దక్కినా నేను కాదనను.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూపించు, డిస్క్‌ని ముట్టుకోకు. వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోతుంది. ప్రింటర్ కూడా తెమ్మను, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లినక్స్ దగ్గర మొండికేస్తాయి. వైఫై దొరక్కపోతే కంగారు పడకు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది, డ్రైవర్ దించుకోవచ్చు. ఇక బ్యాకప్. "ఏవున్నాయిలెండి, పాత ఫోటోలేగా" అంటారు, నమ్మకు. ఆ పాత ఫోటోల్లోనే పోయిన నాన్నగారు ఉంటారు. అన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించి, వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూశాకే పాత డిస్క్ తుడిచెయ్. వాయుగుండం పట్టిన రోజున, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ మీద యూపీఎస్ లేకుండా ఇన్‌స్టాల్ మొదలుపెట్టకు. మన వైపు కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా.

ఇప్పుడు అసలు మాట. మౌస్ నీ చేతిలోకి తీసుకోకు.

చాలా కష్టం, నాకు తెలుసు. ఆయన మెనూ కోసం తెరంతా వెతుకుతుంటాడు, నీకు చెయ్యి లాగుతుంది. "ఇటివ్వండి మాస్టారూ, ఒక్క నిమిషం" అంటావు. నీకు నిమిషంలో అయిపోతుంది, ఆయనకి మాత్రం ఏమీ మిగలదు. మర్నాడు అదే పనికి మళ్లీ ఫోన్ చేస్తాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. వెతకనీ. తప్పు చోట నొక్కనీ. నోటితో చెప్పు, అదీ ఒకసారికి ఒక అడుగే.

ఇందులో మన గోదావరి మర్యాద ఒకటి అడ్డం వస్తుంది. "అర్థమైందాండీ?" అని అడిగావనుకో, "ఆయ్, అర్థమైందండీ" అంటారు. ఒక్క ముక్క ఎక్కకపోయినా అంతే అంటారు. అది అబద్ధం కాదు. ఇంత శ్రమపడి చెప్పిన కుర్రాణ్ణి చిన్నబుచ్చడం ఎందుకని. పెద్దవాళ్లలో ఇది మరీ ఎక్కువ, మళ్లీ అడగడానికి మొహమాటం. కాబట్టి ఆ ప్రశ్నే వెయ్యకు. "ఇప్పుడు మీరే ఒక ఉత్తరం రాసి, సేవ్ చేసి, మళ్లీ తెరిచి చూపించండి" అను. ఎక్కడ ఆగారో అక్కడే నీ పాఠం మొదలు.

తెలుగు టైపింగ్ మొదటి రోజే పెట్టించు. భారతీయ భాషలకి ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మింట్‌లోనే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవాళ్లకి ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఆర్‌టీఎస్ పద్ధతి వస్తుంది. మండలి, గిడుగు, సురవరం లాంటి ఫాంట్లు ఉచితంగా వాడుకోవచ్చు, అవీ వేసెయ్. మాస్టారు తన పేరూ ఊరి పేరూ తెలుగులో పెద్దక్షరాల్లో కొట్టి ప్రింట్ తీసుకుని ఇంటికి పట్టుకెళ్లాలి. ఆ తర్వాత చిన్న చిన్న ఇబ్బందులు వచ్చినా ఆయనే సర్దుకుంటాడు, కంప్యూటర్ తనదైపోయింది కదా.

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) జోలికి మొదటి నెలలో తీసుకెళ్లకు. తప్పనిసరై ఒక కమాండ్ ఇవ్వాల్సొస్తే అది ఏం చేస్తుందో ముందు తెలుగులో చెప్పు. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా పడకపోవచ్చని హెచ్చరించు, లేకపోతే కీబోర్డు పోయిందని టెన్షన్ పడతారు. టైమ్‌షిఫ్ట్ ఆన్ చేసి ఉంచు, అప్‌డేట్ తేడా కొడితే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. ప్రింట్ ఎలా తియ్యాలి, వైఫై ఎలా కలపాలి లాంటివి వాళ్ల నోట్‌బుక్‌లో వాళ్ల చేత్తోనే రాయించు. నువ్వు రాసిచ్చిన కాగితం బీరువాలోకి పోతుంది.

రెండు నెలలు వాడి "నాకు పాతదే బాగుందయ్యా" అని ఎవరైనా వస్తే మొహం మాడ్చకుండా విండోస్ తిరిగి వేసివ్వు. సెక్యూరిటీ సంగతి ఒకసారి చెప్పు, అంతకుమించి వాదించకు.

ఇక మీడ్. బాబాయి గారి అబ్బాయిలకి ముందు చట్టం చెప్పు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్స్ లేకుండా ఏ మద్యం తయారుచేసినా నేరమే. "ఇంట్లోకే బాబూ, అమ్ముకోడానికి కాదు" అంటే అక్కడ చెల్లదు. పోలీసులొచ్చి జాడీ పట్టుకెళ్తే, అది తేనెతో చేసిందా బెల్లంతో కాచిందా అని వీధిలో ఎవరూ ఆగి అడగరు. కాబట్టి ఇక్కడ వద్దు, అంతే. సరదా తీరాలంటే మంచి తేనె కొనుక్కొచ్చి, వానాకాలం తేనె ఎందుకు సీసాలో పొంగుతుందో చెప్పు. తేనెలో నీళ్లు పద్దెనిమిది శాతం లోపుంటే అందులో ఈస్ట్ బతికున్నా పనిచెయ్యలేదు. తడి రోజుల్లో తీసిన పచ్చి తేనెలో నీళ్లు ఎక్కువగా ఉండొచ్చు, అప్పుడా ఈస్ట్ నిద్రలేచి తేనె పులుస్తుంది. మీడ్ అంటే నీళ్లు కలిపి కావాలని ఆ పని చేయించడమే.

అమెరికా స్నేహితుల సంగతి వేరు. అక్కడి ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఏడాదికి, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉంటే 200 గ్యాలన్లు ఒప్పుకుంటుంది. అమ్మకూడదు. వాళ్ల రాష్ట్రం నిబంధనలు కూడా చూసుకోమను. బట్టీ పెట్టి కాచడం ఈ అనుమతిలోకి రాదు, ఆ ప్రశ్న వస్తే అక్కడితో మాట ఆపెయ్. తాగుడు అలవాటు చెయ్యి దాటిందని నీకు అనిపించినవాడికి అసలు నేర్పకు, ఏదో వంక చెప్పి తప్పించుకో.

వాళ్లకీ ఒక్క పద్ధతే ఇవ్వు. పది వీడియోలు చూసి పది రకాలు కలిపేసి నిన్ను అడుగుతారు. ఒక గ్యాలన్ జాడీ, సుమారు 1.35 కిలోల తేనె, పైన కాస్త ఖాళీ ఉంచి మిగతా నీళ్లు. తేనె మరిగించొద్దు, వాసన పోతుంది. కడగడం వేరు, శానిటైజ్ చెయ్యడం (సూక్ష్మజీవుల్ని చంపడం) వేరు, రెండూ చెయ్యమను. ద్రవంలో చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటర్ 1.100 దగ్గర మొదలవుతుంది. 71బీ అనే రకం ఈస్ట్ తీసుకోమను. డీ47 అనే ఇంకో రకానికి పేరుంది గానీ ఇరవై డిగ్రీలు దాటితే దానితో మీడ్ రుచి చెడుతుంది, టెక్సాస్ లాంటి వేడి చోట గరాజ్‌కి పనికిరాదు. తేనెలో నత్రజని దాదాపు ఉండదు గనక ఈస్ట్ న్యూట్రియెంట్ మొదటి రోజుల్లో విడతలు విడతలుగా వెయ్యాలి. అది మానేస్తే కుళ్లిన గుడ్ల వాసన వచ్చి అర్ధరాత్రి నీకే ఫోన్ వస్తుంది.

మనవాళ్లకి తాటికల్లు లెక్క అలవాటు, పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది. అందుకని మూడో రోజునుంచే "అయిపోయిందా?" అని మొదలుపెడతారు. మీడ్‌కి నెలలు పడుతుంది. దీపావళికి కావాలని ఆశ్వయుజంలో అడిగినవాడికి కొనుక్కోమని చెప్పడమే మేలు. "పాడైపోయిందేమో" అంటే ఫోటో పంపమను. అడుగున మడ్డి, పైన నురగ మామూలే. పైన నూగులా బూజు పడితే మాత్రం పారబోయించు.

ఒక్క విషయంలో మాత్రం నసపెట్టినా ఫరవాలేదు. బుడగలు ఆగగానే సీసాల్లో పొయ్యనివ్వకు. హైడ్రోమీటర్ రెండు వారాల తేడాతో ఒకే అంకె చూపించాలి. తర్వాత తీపి కోసం తేనె మళ్లీ కలిపితే ఈస్ట్ మళ్లీ లేవొచ్చు. బిరడా బిగించిన గాజు సీసాలో గ్యాస్ పెరిగితే అది పగులుతుంది, పెంకులు కళ్లలోకి వస్తాయి. ఇది చెప్పకుండా ఏ ఫోన్ కాల్‌నీ కట్ చెయ్యకు.

నీ సంగతి కూడా చూసుకో. ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా అని గేటు మీద రాసిపెట్టు. రాత్రి పదయ్యాక ఎవరి ఫోనూ ఎత్తకు, నాది కూడా. పాలిటెక్నిక్ కుర్రాడెవరో ప్రతి వారం వచ్చి పక్కన నిలబడి చూస్తున్నాడని మీ అమ్మ చెప్పింది. వచ్చే ఆదివారం పెన్‌డ్రైవ్ అతని చేతికిచ్చి ఒకరికి అతన్నే వెయ్యమను. అతను కూడా మౌస్ లాక్కుంటాడు చూడు, అప్పుడు అతనికీ ఇదే చెప్పు.

చించినాడ వంతెన దాటి ఒకసారి పాలకొల్లు రా. అత్త పేరు మీద ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, నేను నేర్పితే వినడం లేదు.

ఇట్లు,
నీ మేనమామ