బావతో త్రిత్వం గురించి కూర్చునే ముందు

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

మీ బావ త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒకే దేవుడన్న మాటను, నమ్మనంటున్నాడని, ఆదివారం భోజనాల దగ్గర తేల్చేస్తానని రాశావు. భోజనాల దగ్గర మాత్రం వద్దు. వడ్డిస్తూ మీ అక్క మధ్యలో నలిగిపోతుంది. మేడ మీద ఇద్దరే కూర్చోండి. బైబిలు పట్టుకెళ్లండి, ఫోన్లు కిందే వదిలెయ్యండి. వీడియోలు చూపించుకోవడం మొదలైతే ఇక మీరు మాట్లాడుకునేదేమీ ఉండదు.

ముందు అతను నమ్మేదేమిటో అడుగు. త్రిత్వం లేదనేవాళ్లంతా ఒకటి కాదు. తండ్రి ఒక్కడే సర్వశక్తిగల దేవుడు, కుమారుణ్ణి ఆయనే సృష్టించాడు అంటారు యెహోవాసాక్షులు. వన్‌నెస్ పెంతెకొస్తు వాళ్లయితే యేసే తండ్రి, యేసే ఆత్మ, బాప్తిస్మం యేసు నామంలోనే అంటారు. రెండూ ఎదురెదురు వాదనలు. ఒకళ్లకు ఇవ్వాల్సిన జవాబు ఇంకొకళ్లకిచ్చి నవ్వులపాలైనవాళ్లను చూశాను.

నీళ్లు, మంచు, ఆవిరి అనే ఉదాహరణ ఎత్తకు. మన సండే స్కూల్లో ఇప్పటికీ అదే చెప్తారు, పిల్లలు బుద్ధిగా తలలూపుతారు. కానీ ఒకే దేవుడు ఓసారి తండ్రిగా, ఓసారి కుమారుడిగా కనిపించాడనడం మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరు మీద సంఘం తోసిపుచ్చిన బోధ. అదే నిజమైతే, కుమారుడు యొర్దానులో బాప్తిస్మం పొంది ఒడ్డుకు వస్తుంటే ఆకాశం నుంచి మాట్లాడిందెవరు? గెత్సేమనేలో ఆయన ప్రార్థించింది ఎవరికి? త్రిత్వాన్ని కాపాడబోయి వన్‌నెస్ వాదన నువ్వే వినిపించినట్టవుతుంది. పోనీ గుడ్డులో పెంకు, తెల్లసొన, పచ్చసొన అన్నావనుకో, దేవుణ్ణి మూడు ముక్కలు చేసేశావన్నమాట. సరైన పోలిక దొరకదని ఒప్పేసుకో, పోయేదేం లేదు.

అతని వచనాలు అతనికంటే ముందు నువ్వే తియ్యి. తాను తిరిగి వచ్చే గడియ కుమారుడికి కూడా తెలియదని మార్కు 13:32లో ఉంది. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యోహాను 14:28లో ఉంది. ఇవి బరువైన మాటలు. మనిషిగా అన్నాడులే అని ఒక్క ముక్కలో దాటేస్తే దొరికిపోతావు. ఆ తర్వాత యోహాను 20:28కి రా. తిరిగి లేచిన యేసును చూసి శిష్యుడు తోమా "నా దేవా" అంటే ఆయన వారించలేదు. అదే అపొస్తలుల కార్యాలు 14లో, లుస్త్ర ఊరి జనం తమను దేవుళ్లనగానే పౌలు, బర్నబా బట్టలు చింపుకున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివించి, కాసేపు ఊరుకో. పాత ఇంగ్లిష్ బైబిల్లో 1 యోహాను 5:7 మాత్రం ముట్టుకోకు. తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అంటూ అందులో ఉన్న మాట, గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేయించిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో లేదు, 1522లో చేరింది. మన తెలుగు బైబిల్లోనూ లేదు.

325లో నైసియాలో జరిగిన సంఘ పెద్దల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ త్రిత్వాన్ని పుట్టించాడని అతను అంటాడు, తప్పకుండా అంటాడు. నైసియాలో గొడవ ప్రధానంగా కుమారుడి గురించి. పరిశుద్ధాత్మ గురించి వివరంగా చేర్చింది 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభలో. పైగా ఆ కాన్‌స్టంటైన్ 337లో చావు ముందు బాప్తిస్మం తీసుకున్నది కుమారుడు సృష్టించబడ్డవాడేనన్న ఏరియస్ పక్షం వహించిన నికొమీడియా బిషప్ యూసేబియస్ చేతుల మీద. నైసియా పక్షాన నిలబడ్డ బిషప్ అథనేసియస్‌ను అయిదుసార్లు తన ఊరు అలెగ్జాండ్రియా నుంచి వెళ్లగొట్టారు. రాజు బలంతోనే గెలిచారంటే ఈ లెక్క కుదరదు.

అలాగని మనవాళ్ల చేతులు శుభ్రంగా ఉన్నాయనకు. త్రిత్వాన్ని కాదన్నందుకు 1553లో జెనీవాలో స్పెయిన్ వైద్యుడు సెర్వెటస్‌ను బతికుండగానే కాల్చారు. ఇప్పటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో, త్రిత్వాన్ని ఒప్పుకోని బోధకుడు ఫెరెన్స్ డేవిడ్ 1579లో జైల్లోనే చచ్చిపోయాడు. అతను ఆ పేర్లు ఎత్తితే అడ్డు చెప్పకు, అవి జరిగినవే.

ఒక్క పూటలో తేలదు. 'నాకు తెలియదు, పాస్టరు గారిని అడిగి చెప్తా' అనడానికి సిగ్గుపడకు. పాప బాప్తిస్మం సంగతి ఆ రోజు అసలెత్తొద్దు, అది అక్కాబావలు తేల్చుకోవాలి. అతను యెహోవాసాక్షుల వైపే అయితే క్రిస్మస్ చేసుకోడు, దాని మీద రగడ పెట్టకు. నేను 26న వస్తున్నాను. మామూలు భోజనమే చెయ్యమని అక్కతో చెప్పు.

మీ పెదనాన్న