ఖర్రా మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఇంకా ప్రయత్నించడంలో అర్థముందా?

భార్య మీద, పిల్లల మీద ఒట్టేసి ఖర్రా మానేశారు, మళ్ళీ తిన్నారు, ఇప్పుడు ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు, ఇంకా ఎందుకు ప్రయత్నించాలి అని అడిగారు. ప్రయత్నించండి. కాకపోతే ముందు ఆ ఒట్లు మానేయండి.

మాది సిరొంచ. ఖర్రా అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: సుపారీ (వక్క), పొగాకు, సున్నం కలిపి, పన్నీలో, అంటే ప్లాస్టిక్ కాగితంలో వేసి పాన్‌ఠేలా (పాన్ బండి) దగ్గర బాగా రుద్ది ఇస్తారు. మహారాష్ట్రలో గుట్కాను 2012లోనే నిషేధించారు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యం కూడా బంద్. ఖర్రాను మాత్రం ఎవరూ వ్యసనం కింద లెక్కే వేయరు. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇచ్చినట్టే జేబులోంచి పన్నీ తీసి చేతిలో పెడతారు. తీసుకోకపోతే ఏమైందని అడుగుతారు. ఇలాంటి చోట మానడం కష్టమని ముందే ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

నేనూ మొదట మా పాప మీద ఒట్టేసే మానాను. ఒట్టుతో ఒక చిక్కుంది. ఒక్కసారి తప్పామా, ఎలాగూ పోయింది కదా అని సాయంత్రానికల్లా పాత లెక్కకు వచ్చేస్తాం. ఇక అక్కణ్ణుంచి దాచుకోవడం. పన్నీ బండి సీటు కింద పెట్టడం, ఇంటికెళ్ళే ముందు ప్రాణహిత ఒడ్డున ఆగి నోరు పుక్కిలించడం. మానడానికి కావాల్సిన ఓపికంతా దొంగతనానికే ఖర్చయ్యేది.

అసలు మార్పు కొత్త కారం దగ్గర వచ్చింది. మేం మిర్చి పండిస్తాం. మా చేలో కారంతో నూరిన పచ్చడి నేనే నోట్లో పెట్టుకోలేకపోయాను, నోరంతా భగ్గుమంది. పళ్ళ డాక్టరు నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టమంటే రెండే పట్టాయి. సుపారీ వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోతుందట. మానేస్తే ముదరకుండా ఆగవచ్చు గానీ, బిగిసినది మళ్ళీ మునుపటిలా వదులు కావడం కష్టమని, కొందరికి అదే క్యాన్సర్ వరకూ పోతుందని చెప్పారు. పొగాకు తీసేసి వట్టి సుపారీ నమిలితే ఫర్వాలేదనుకునేవాళ్ళు మావైపు చాలామంది. అదీ తప్పే. సుపారీ ఒక్కటే అయినా క్యాన్సర్ తెస్తుందని ఏనాడో తేల్చారు.

ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాను. నా నోరు, నా పచ్చడి, అంతే. స్వార్థం అనుకోండి. దానివల్ల ఒక మేలు జరిగింది: మళ్ళీ తిన్న రోజున క్షమాపణ చెప్పుకోవాల్సిన మనిషి ఎవరూ లేరు. ఏడవడం మాని, అసలు ఎక్కడ తిన్నాను, దేని తర్వాత తిన్నాను అని చూసుకునే తీరిక దొరికింది. చూస్తే అన్నీ రెండు మూడు చోట్లే. పొద్దున టీ తాగాక. మిర్చి ఏరే కూలీలకు డబ్బులిచ్చే సాయంత్రం, అందరూ పన్నీలు విప్పుతున్నప్పుడు. ఆలాపల్లి బస్సులో, ఆ రోడ్డు మీద పొద్దు గడవక. టీని ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాను. కూలి డబ్బులు ఇవ్వడానికి మా బావను పంపాను. బస్సుకు మాత్రం ఉపాయం దొరకలేదు, వేయించిన శనగలు పట్టుకెళ్ళేవాణ్ణి.

నాలుక పీకడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి రెండు మూడు రోజులు బాగా ఉంటాయి. తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఆ కోరిక వచ్చినప్పుడు కాసేపు ఓర్చుకుంటే దానంతట అదే దాటిపోతుంది. మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది, డాక్టర్ని అడిగి వాడండి. దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలేయకూడదు. నాలుగు నములు నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఆగాలి. టీ, కూల్‌డ్రింకు తాగుతూ వాడితే సరిగ్గా పనిచేయదు. పొగాకు ప్యాకెట్ల మీద ఒక ఉచిత ఫోన్ నంబరు వేస్తారు, 1800-11-2356, మానాలనుకునేవాళ్ళ కోసమే. ఖర్రాకు ప్యాకెట్టే ఉండదు కాబట్టి మనవాళ్ళ కంట అది పడనే పడదు. మీరు గడ్చిరోలి జిల్లావాళ్ళైతే ముక్తిపథ్ వాళ్ళనూ అడగండి. డాక్టర్ అభయ్ బంగ్ గారి ‘సెర్చ్’ సంస్థ, ప్రభుత్వం కలిసి మద్యం, పొగాకు మాన్పించడానికి 2016లో మొదలుపెట్టిన కార్యక్రమం అది.

ఇంట్లో నమ్మకం సంగతంటారా, మా ఆవిడ ఇప్పటికీ చొక్కా ఉతికే ముందు జేబులు తడిమి చూస్తుంది. చూసుకోనీ అని ఊరుకున్నాను. మీరూ కొన్నాళ్ళు ఏమీ చెప్పకండి. ఈలోగా అద్దం ముందు నిలబడి ఆ మూడు వేళ్ళూ పెట్టి చూడండి. పట్టకపోతే, లేదా నోట్లో మానని పుండు, తెల్లమచ్చ కనిపిస్తే ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఖర్రా మానినా మానకపోయినా.