మందార రంగు సబ్బులో ఎందుకు నిలవదు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. బీట్‌రూట్, మందార పొడులు, లవంగ నూనె వేసి ఇంట్లో సబ్బులు చేస్తోంది. రంగు గోధుమకు తిరుగుతోంది, చారలు పోసేలోపే ముద్ద కడుతోంది. అయినా ఇదే ఉపాధి అంటోంది. ఒప్పుకోవచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఒప్పుకోండి, డిగ్రీ మాత్రం మాననివ్వకండి. అమ్మాయికి ఎదురైన రెండు చిక్కులకీ జవాబు ఆమె చదువులోనే ఉంది.

బీట్‌రూట్, మందార రంగులు క్షారానికి తట్టుకోలేవు. పసుపుకి సున్నం తగిలితే పారాణి ఎరుపు వస్తుంది కదా, సబ్బుకి వాడే క్షారమైన కాస్టిక్ సోడా తగిలినా అంతే. పసుపు వేసిన సబ్బు ఆరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి నారింజ, పసుపు ఛాయలకు వస్తుంది, వెలుతురులో పెడితే అదీ వెలిసిపోతుంది. నిలిచే రంగులు వేరే ఉన్నాయి: గులాబీకి మంజిష్ఠ పొడి, నలుపుకి యాక్టివేటెడ్ చార్‌కోల్, నీలానికి ఆకు నుంచి తీసిన అసలు నీలిమందు. బట్టలకు పెట్టే నీలం వాడకూడదు. నీలిమందు అరకిలో నూనెకు అర టీస్పూను దాటితే నురుగే నీలంగా వచ్చి తువ్వాలుకి అంటుతుంది. నారింజ, పసుపులకు ఏటికొప్పాక బొమ్మల్లో వాడే జాఫ్రా (అన్నాటో) గింజలు మేలు. 25 గ్రాముల గింజల్ని 100 గ్రాముల తవుడు నూనెలో వేసి, గిన్నెను వేడి నీళ్లలో గంటసేపు ఉంచి వడకట్టాలి. ఈ నూనెను మొత్తం నూనెల లెక్కలోనే కలపాలి, విడిగా పోస్తే సబ్బు మెత్తబడుతుంది.

మొదలుపెట్టడానికి నమ్మదగిన పాళ్లు: కొబ్బరి నూనె 350 గ్రాములు, తవుడు నూనె 550, ఆముదం 100, కాస్టిక్ సోడా 142, నీళ్లు 285. ఇందులో 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది, చర్మం పొడిబారదు. నూనెలు మారిస్తే సోడా లెక్క మళ్లీ వేయాల్సిందే. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే పొంగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది కాబట్టి స్టీలు గిన్నే వాడాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

ఇక ముద్ద కట్టడం. లవంగ, దాల్చిన చెక్క నూనెలు సబ్బును క్షణాల్లో బిగిస్తాయి, బ్లెండర్ ఆపకుండా తిప్పినా అంతే. నూనెలు, సోడా నీళ్లు రెండూ 40 డిగ్రీల లోపు ఉండగా కలిపి, బ్లెండర్ ఐదేసి సెకన్లే తిప్పాలి. గరిటెతో జార్చితే గీత క్షణం కనిపించి కలిసిపోయే దశలో రంగులు విడదీసి, ఒకదాని మీద ఒకటి ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే చారలు లోపలిదాకా దిగుతాయి. పొరలు కావాలంటే కింది పొర కాస్త చిక్కబడ్డాక చెంచా వెనక మీదుగా పోయాలి. రెండు రోజులకు కోసి, ఆరు వారాలు గాలికి ఆరబెట్టాలి.

అమ్మకానికి సబ్బులు తయారు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు ఉండాలి. సుగంధ తైలాలు నేర్చుకోవాలంటే ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఉన్న ఎఫ్‌ఎఫ్‌డీసీ (ఫ్రాగ్రెన్స్ అండ్ ఫ్లేవర్ డెవలప్‌మెంట్ సెంటర్)లో స్వల్పకాలిక శిక్షణలున్నాయి. ఈలోగా ప్రతి విడతలో ఒక సబ్బును కిటికీ దగ్గర, ఒకదాన్ని చీకటి అల్మారాలో ఉంచి, మూడు నెలలు రంగు మార్పును నోటుబుక్కులో రాయించండి. ఆ పరీక్షలో నెగ్గిన రంగులతోనే అమ్మకం మొదలుపెట్టాలి.