కార్నియా మార్చినా చూపు ఎందుకు ఆనట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) వల్ల కుడి కంటికి ఎనిమిది నెలల క్రితం డాల్క్ పద్ధతిలో (లోపలి పొరను అలాగే ఉంచి పై పొరలు మాత్రమే మార్చడం) కార్నియా మార్చారు. కార్నియా తేటగా ఉందంటున్నారు, కానీ నాకు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపిస్తున్నాయి. కళ్లజోడు పెట్టినా పెద్ద తేడా లేదు. ఆపరేషన్ ఫెయిలైందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఇక ఈ కన్ను ఇంతేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇంతే అని ఎవరన్నారు? కార్నియా అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర. అది తేటగా ఉందంటే దాత ఇచ్చిన పొర మీ కంటికి చక్కగా అతుక్కుందన్నమాట. అయితే పొర తేటగా ఉంటే సరిపోదు, దాని వంపు కూడా కుదరాలి. ఇంకా మీ కంట్లో కుట్లు ఉండే ఉంటాయి, వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారంతో చుట్టూ వేసినవి. వాటిలో ఒకటి రెండు ఎక్కువ బిగిసినా చాలు, నవారు ఒక పక్కే లాగి కట్టిన మంచంలా కార్నియా వంకర పోతుంది. సిలిండర్ పవర్ (వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే పవర్) చాలావరకు దాన్నుంచే వస్తుంది. మార్పిడి తర్వాత నాలుగైదు డయాప్టర్ల (పవర్ కొలత) సిలిండర్ రావడం మామూలే.

అందుకని ముందు టోపోగ్రఫీ (కార్నియా వంపులను మ్యాపులా చూపే పరీక్ష) తీయమని అడగండి. ఏ కుట్టు బిగిసిందో అందులో తెలుస్తుంది, చుక్కలతో మత్తిచ్చి కూర్చోబెట్టే ఆ ఒక్కటీ తీసేస్తారు, కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు. మొత్తం కుట్లు పోవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. గాయం నెమ్మదిగా మానుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి తీసేయమని డాక్టర్ని తొందరపెట్టొద్దు. కుట్టు తీసినప్పుడల్లా పవర్ మారుతుంది, ఈలోగా ఖరీదైన అద్దాలు చేయించుకోవద్దు.

అప్పటికీ అద్దాలతో చూపు ఆనకపోతే స్క్లీరల్ లెన్స్ ఉంది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ లెన్స్ ఏంటని చాలామంది డీలా పడతారు, నన్నడిగితే మాత్రం మీలాంటి కేసుల్లో చూపు బాగా తెచ్చేది చాలాసార్లు ఇదే. ఈ పెద్ద గట్టి లెన్స్ కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, మధ్య ఖాళీలో ఉండే సెలైన్ వంకరల్ని కప్పేస్తుంది. గిన్నెలా ఉన్న లెన్స్‌ని ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నిండుగా నింపి, తల పూర్తిగా కిందికి వంచి పెట్టుకోవాలి, బుడగ మిగిలితే తీసి మళ్లీ పెట్టాలి. కుళాయి నీళ్లు అసలు తగలనివ్వద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో అమరుస్తారు. సిలిండర్ తగ్గించే కోతలు, లేజర్ లాంటివి కుట్లన్నీ పోయి పవర్ నిలకడగా ఉన్నాకే.

స్టెరాయిడ్ చుక్కలు మీ అంతట మీరు ఆపొద్దు, అలాగని చెప్పినదానికంటే ఎక్కువ రోజులూ వేయొద్దు, కంటి ప్రెజర్ పెరుగుతుంది. డాల్క్‌లో రిజెక్షన్ (దాత పొరను ఒళ్లు తిరస్కరించడం) భయం తక్కువే కానీ అసలు లేకపోలేదు. కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు తగ్గినా, నొప్పి పుట్టినా, కుట్టు తెగి గుచ్చుకుంటున్నట్టున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ఇక మీ ఎడమ కన్ను సంగతి మీరు రాయలేదు. కెరటోకోనస్ సాధారణంగా రెండు కళ్లకీ వస్తుంది. ఆ కంట్లోనూ ముదురుతుంటే సి3ఆర్ (విటమిన్ బి2 చుక్కలు, అల్ట్రావయొలెట్ కాంతితో కార్నియాను గట్టిపరిచే చికిత్స) చేసి ఆపొచ్చు, కోల్పోయిన చూపు దాంతో తిరిగి రాదు కానీ మరో మార్పిడి తప్పే అవకాశం ఉంటుంది. దురద పుడితే అలర్జీ చుక్కలు అడగండి, కన్ను మాత్రం నలపొద్దు. ఈసారి వెళ్లినప్పుడు టోపోగ్రఫీ రెండు కళ్లకీ తీయించుకోండి.