లారీ క్యాబిన్‌లోంచి కెమెరా ముందుకు

ప్రశ్న: మాది నల్గొండ సార్. బీకాం రెండో ఏడాది. పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాలంటే పిచ్చి. హీరో వేషాలు వద్దు, వాటిలో బెన్ జాన్సన్‌లాగా క్యారెక్టర్ ఆర్టిస్టు కావాలని ఉంది. కాలేజీ మానేసి హైదరాబాద్ వెళ్లిపోనా? నాన్నకు లారీ ఉంది, సెలవుల్లో నేనూ వెళ్తుంటాను. ఈ మాట ఆయనకు చెప్పాలంటేనే టెన్షన్.

జవాబు: మంచి పేరే ఎంచుకున్నావు బాబూ. కానీ ఆయన నటుడవుదామని ఇల్లు వదల్లేదు. ఓక్లహోమాలో నిజం కౌబాయ్, రోజుకో డాలరు కూలి. 1940 ప్రాంతంలో హోవర్డ్ హ్యూస్ తన సినిమాకి గుర్రాలు కొంటే, వాటితో పాటు హాలీవుడ్ చేరాడు. అక్కడ అందిన మొదటి చెక్కు 300 డాలర్లు. ఇంక వెనక్కి వెళ్తాడా!

తర్వాత ఏళ్ల తరబడి స్టంట్లు, స్టార్లకు డూపు. 1947లో దర్శకుడు జాన్ ఫోర్డ్ షూటింగ్‌లో బండి గుర్రాలు బెదిరి, ముగ్గురు మనుషులతో సహా లగెత్తాయి. జాన్సన్ వెంటపడి ఆపాడు. ఫోర్డ్ ఏడేళ్ల కాంట్రాక్టు చేతికిచ్చాడు. అందులో ‘వారానికి 5000 డాలర్లు’ అన్న చోట చదవడం ఆపి సంతకం పెట్టేశాడట. (ఇదొక్కటి మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోకు. కాగితం చివరిదాకా చదువు.)

1953లో సినిమాలు పక్కనపెట్టి రోడియో పోటీలకెళ్లి (గుర్రపు స్వారీ, తాడు విసిరి పశువుల్ని పట్టడం లాంటి కౌబాయ్ పందేలు) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఏడాది చివర మిగిలింది అరిగిపోయిన కారు, మండిపడుతున్న భార్య అని తనే చెప్పుకునేవాడు. మళ్లీ వేషాలకే వచ్చాడు. మన కృష్ణగారు కౌబాయ్‌గా వచ్చిన 1971లోనే, ఈయన చిన్న ఊళ్లో సినిమా హాలు నడిపే పెద్దాయనగా కనిపించాడు. డైలాగులు ఎక్కువని మొదట వద్దన్న పాత్ర అది. దానికే ఆస్కార్. అప్పటికి 53 ఏళ్లు.

నీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన ముక్క లారీ. సుత్తితో టైరు కొట్టి, చప్పుడు విని గాలి చెప్పే క్లీనరు, చెక్‌పోస్టు రాగానే మారిపోయే డ్రైవరు గొంతు నీకు తెలుసు. ఏ యాక్టింగ్ స్కూలూ ఇవి నేర్పదు. గమనిస్తూ ఉండు.

బీకాం మాత్రం పూర్తి చెయ్. డిగ్రీ ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీకి ప్రయత్నించొచ్చు. ఈలోగా మీ దగ్గర్లో నాటకాలు వేసేవాళ్లతో కలువు. వేషం ఇస్తాం, ముందు డబ్బు కట్టమంటే లేచి వచ్చెయ్.

నాన్నకంటావా, ఈ సెలవుల్లో దూరం ట్రిప్పుకు వెళ్లు. రెండో టీ అయ్యాక కదుపు మాట. అప్పటికి ఆయన మూడ్ బాగుంటుంది.