మట్టి అమ్మి ఫీజు కట్టారు, ఇప్పుడు వడ్డీకి తెచ్చి జరిమానా కడతారా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పోయిన ఎండాకాలం అమ్మాయి కాలేజీ ఫీజుకు చేతిలో డబ్బు లేక, 50 సెంట్ల చేనులో అడుగు లోతు మట్టిని ఇటుక బట్టీకి 80 వేలకు ఇచ్చాను. ఇప్పుడు తనిఖీకి వచ్చి నోటీసు ఇచ్చారు. ఇవ్వొద్దని వ్యవసాయ సహాయకుడు ముందే చెప్పాడు, నిజమే. చెప్పి ఊరుకోవచ్చు కదా, జరిమానాలెందుకు? అది కట్టడానికి, చెరువు మట్టి తోలించడానికి 2 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. ట్రాక్టరు మట్టి 600 అంటున్నారు. ఇంటి ఖర్చు నెలకు 15 వేలు. రెండు ఆవులున్నాయి.

జవాబు: తేవద్దు. మూడు రూపాయల వడ్డీ అంటే 2 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. మట్టి అమ్మితే వచ్చిన 80 వేలు దాదాపుగా ఒక్క ఏడాది వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. ఇది తెలిసి కూడా 'తెద్దామనుకుంటున్నా' అని రాస్తుంటే నాకు కోపం వస్తుంది.

అసలు ఆ బేరం సంగతి చూడండి. 50 సెంట్లంటే 21,780 చదరపు అడుగులు. అడుగు లోతు తీస్తే, ట్రాక్టరుకు వంద ఘనపుటడుగుల లెక్కన దగ్గర దగ్గర 218 లోడ్లు. మీకు దక్కింది లోడుకు 370 కూడా కాదు. తిరిగి తోలించాలంటే లక్షా 30 వేలు. జరిమానా లేకపోయినా మీరు నష్టపోయినట్టే.

తనిఖీల మీద మీ బాధ కొంతవరకు న్యాయమే. సలహా ఇవ్వకుండా నేరుగా నోటీసు చేతిలో పెడితే చిన్న రైతు చితికిపోతాడు. కానీ మీకు ముందే చెప్పారు, మీరు వినలేదు. పట్టా భూమి అయినా ఇటుక మట్టి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి కావాలి. అడిగేవాడు లేకపోతే ఆ సలహాను బట్టీవాళ్లు ఏనాడైనా లెక్కచేస్తారా?

ఇంతకీ మీ తప్పు మట్టి దగ్గర మొదలవలేదు. ఫీజు కట్టాల్సిన రోజు ఇంట్లో డబ్బు లేకపోవడం దగ్గర మొదలైంది. నాకు ఉత్తరాలు రాసే రైతుల్లో చాలామందిది ఇదే కథ. ఒకరు ఆవును అమ్ముతారు, ఒకరు నగలు, మీరు మట్టి. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే మీకు 90 వేలు, విడిగా ఉండి ఉంటే బట్టీ ఆసామి మీ గుమ్మం తొక్కేవాడే కాదు. ఇకనుంచి నెలకు ఒక పాల బిల్లు వేరే ఖాతాలో పడాలి. చీటీలో వద్దు, పాట వచ్చేదాకా ఆగే డబ్బు అత్యవసరానికి పనికిరాదు. ఆ ఖాతా ఏటీఎం కార్డు మీ ఆవిడ దగ్గర ఉంచండి.

జరిమానాకు డబ్బు తప్పదంటే బ్యాంకులో బంగారం పెట్టండి, వడ్డీ ఇందులో మూడో వంతు కూడా ఉండదు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా ఇద్దరికీ తీసుకోండి.

218 లోడ్లూ ఒకేసారి తోలించకండి. ఈ ఏడు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లి, పూతకు రాగానే నేలలో కలిసేలా దున్నేయండి. చెరువు మట్టి ఏటా కొంత తోలుకోవచ్చు, దానికీ అనుమతి తీసుకునే. ముందు వ్యవసాయ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి నోటీసుకు రాతపూర్వకంగా జవాబివ్వండి. వాయిదాల్లో కడతానని అందులోనే అడగండి. జవాబుకు గడువు ఎప్పటిదాకానో మీరు రాయలేదు, ఇవాళే ఆ కాగితం తీసి చూడండి.