స్టాఫ్ అందరూ వాడే కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేయకుండా ఆపడం ఎలా?

మీ ఆఫీసులో డేటా ఉన్న కంప్యూటర్‌ని ఎవరో ఒకరు ఇంటికెళ్తూ ఆపేస్తున్నారని, స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ కనపడకుండా చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేనూ అక్కడే మొదలుపెట్టి దెబ్బతిన్నాను.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బావకి కమీషన్ కొట్టు ఉంది. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, మిగతా రెండూ నెట్‌వర్క్‌లో దాన్నే పట్టుకుని నడుస్తాయి. సీజన్లో రాత్రి తొమ్మిదింటిదాకా పట్టీలు (సరుకు అమ్మకం బిల్లులు) కొడుతూనే ఉంటారు. ఆరింటికి వెళ్ళే కుర్రాడు మాత్రం పద్ధతిగా అన్నీ మూసి, షట్‌డౌన్ కొట్టి, కీబోర్డు మీద గుడ్డ కప్పి మరీ వెళ్ళేవాడు. అవతలి గదిలో సగం కొట్టిన పట్టీ గోవిందా. తిడదామంటే "ఫ్యాను, లైటు, కంప్యూటర్ అన్నీ ఆపి వెళ్ళండిరా" అని రోజూ అరిచేది మా బావే.

ముందు చూడాల్సింది అకౌంట్. అందరూ ఒకే అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అవుతుంటే కింద చెప్పేవేవీ నిలబడవు, స్టాఫ్‌కి స్టాండర్డ్ యూజర్ అకౌంట్లు పెట్టండి. విండోస్ హోమ్ ఎడిషన్ అయితే నేను చెప్పబోయే పాలసీ స్క్రీనే రాదు, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగులు ఉండే చోటు) నోక్లోజ్ అనే సెట్టింగ్ పెట్టి మెనూ దాచుకోవచ్చు కానీ అది ఉత్త కర్టెన్. ప్రో ఉంటే సెక్‌పాల్ డాట్ ఎమ్మెస్సీ (secpol.msc, సెక్యూరిటీ పాలసీల స్క్రీన్) తెరిచి, లోకల్ పాలసీస్‌లో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌కి వెళ్ళి, 'షట్ డౌన్ ది సిస్టమ్' అన్నదాంట్లోంచి యూజర్స్‌ని తీసేయండి. అడ్మినిస్ట్రేటర్స్‌ని ముట్టుకోకండి. స్టాఫ్ లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అయితేనే ఇది పనిచేస్తుంది, లేకపోతే నాలాగా అరగంట తల పట్టుకుంటారు.

ఇంత చేసినా మర్నాడు సాయంత్రం కంప్యూటర్ ఆగిపోయింది! లోపల ఆప్షన్ లేకపోయేసరికి మనవాడు సైన్ అవుట్ అయి, లాగిన్ స్క్రీన్ మీద కుడివైపు మూల ఉండే పవర్ గుర్తు నొక్కేశాడు. దానికి ఆ లోకల్ పాలసీస్‌లోనే, సెక్యూరిటీ ఆప్షన్స్‌లో, లాగిన్ కాకుండానే షట్‌డౌన్ చేయనిచ్చే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్‌కి 'డూ నథింగ్' పెట్టాలి. బటన్‌ని నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే మాత్రం విండోస్ ఏమీ చేయలేదు, అందుకే సీపీయూని టేబుల్ కింద గోడవైపు తిప్పి పెట్టాం.

అసలు బుద్ధొచ్చింది ఆ తర్వాత. ఒకరోజు కరెంటు పోయింది, నేను విజయవాడ బస్సులో ఉన్నాను, మా బావ ఫోను: "యూపీఎస్ కుయ్యో మొర్రో అంటోంది, ఆపుదామంటే ఆప్షనే లేదేంట్రా!" అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది, ఆ గోలలో అక్షరాలు చెబుతుండగానే బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ దబ్బున ఆగింది. ఆ రాత్రి ట్యాలీలో డేటా రిపేర్ పెట్టుకుని కూర్చున్నాం. కాబట్టి అందరికీ తాళం వేసేయకండి, ఆ 'షట్ డౌన్ ది సిస్టమ్' లిస్టులో నమ్మకమైన ఒక మనిషి అకౌంట్‌ని చేర్చండి. మేం పెద్దగుమస్తా గారిది చేర్చాం, ఆయన ఇప్పటికీ స్టాండర్డ్ యూజరే, షట్‌డౌన్ మాత్రం చేయగలరు. విండోస్ అప్‌డేట్‌ని ఈ పాలసీ ఆపదు, తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, యాక్టివ్ అవర్స్ (అలా రీస్టార్ట్ కాకూడని వేళలు) మీ కొట్టు టైముకి మార్చుకోండి.

కుర్రాడికి మానిటర్ ఆపి వెళ్ళమని చెప్పాం, వాడికీ ఏదో ఒకటి ఆపిన తృప్తి. మర్నాడు పొద్దున మా బావ నల్లటి స్క్రీన్ చూసి కంప్యూటర్ మళ్ళీ ఆపేశారని కంగారుపడి, టేబుల్ కిందికి దూరి పవర్ బటన్ నొక్కాడట, 'డూ నథింగ్' పెట్టి ఉంది కాబట్టి బతికిపోయాం.